పెట్రా బ్యాండ్: ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు ఎప్పుడెళ్ళారు (తరచుగా అడిగే ప్రశ్నలు)

పెట్రా అనే అమెరికా క్రైస్తవ రాక్ బ్యాండ్ గురించి ఎవరితో మాట కలిపినా నాలుగో నిమిషానికి అవే ప్రశ్నలు. పాడింది వోల్జా ష్లిట్టా, మొదటి డ్రమ్మర్ ఎవరు, పాట వెనక్కి తిప్పితే ఏదో వినిపిస్తుందట నిజమేనా, గిటారిస్టు హార్ట్‌మన్ టూర్లు తిరగడం మానేశాక కూడా అది పెట్రా ఎలా అవుతుంది... చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. చర్చిలో మిక్సర్ ముందు కూర్చునేవాణ్ణి, అందుకే క్యాసెట్ అట్ట లోపల చీమల్లాంటి అక్షరాల్లో ఉండే పేర్లంటే నాకు కాస్త పక్షపాతం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, మొదటి నుంచి చదవక్కర్లేదు.

## పుట్టిన రోజులు

పెట్రా అంటే ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి

అమెరికాలో ఇండియానా రాష్ట్రం, ఫోర్ట్ వేన్ అనే ఊళ్ళో 1972లో మొదలైన క్రైస్తవ రాక్ బ్యాండ్. 2005 చివరిదాకా నడిచింది, ఆ తర్వాత అప్పుడప్పుడూ మళ్ళీ కలిసింది. మధ్యలో గాయకులు మారారు, డ్రమ్మర్లు మారారు, కీబోర్డ్ వాళ్ళు మారారు. మొదటి నుంచి చివరిదాకా పేరు వినిపించేది గిటారిస్టు, పాటల రచయిత బాబ్ హార్ట్‌మన్ ఒక్కడిదే.

ఆ పేరు జోర్డాన్‌లో ఉన్న పాత నగరానిదా?

కాదు, కానీ రెండింటికీ మూలం ఒకే గ్రీకు మాట. పెట్రా అంటే బండ, రాయి. మత్తయి సువార్త 16వ అధ్యాయం 18వ వచనంలో "ఈ బండమీద నా సంఘమును కట్టుదును" అని ఉంటుంది చూడండి, ఆ బండే. మన ఊళ్ళలో పేతురు అని పేరున్న తాతలు బోలెడంతమంది, ఆ పేరు కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఇంగ్లీషులో రాక్ అంటే బండా అవుతుంది, ఆ సంగీతమూ అవుతుంది కాబట్టి వాళ్ళకి శ్లేష కుదిరింది. తెలుగులో కుదరదు. మా సంఘ పెద్ద ఒకాయనకి దీన్ని "బండ సంగీతం" అని వివరించబోతే, వినగానే "అవును, నేనూ అదే అంటున్నాను" అన్నాడు.

మొదటి నలుగురు ఎవరు?

బాబ్ హార్ట్‌మన్, గ్రెగ్ హఫ్ గిటార్లు వాయించేవారు, జాన్ డిగ్రాఫ్ బేస్, బిల్ గ్లోవర్ డ్రమ్స్. ఫోర్ట్ వేన్‌లో క్రిస్టియన్ ట్రైనింగ్ సెంటర్ అనే చోట వీళ్ళు జట్టయ్యారు. ఇద్దరు గిటారిస్టులున్నారు కానీ "నేను గాయకుణ్ణి" అని గట్టిగా చెప్పుకోగలిగినవాడు లేడు. పాడాల్సిన పని హార్ట్‌మన్, హఫ్ పంచుకున్నారు. ఈ బ్యాండ్ చరిత్రలో సగం గొడవ ఈ ఒక్క ఖాళీ దగ్గర మొదలైంది, గొంతు కోసం వెతుకులాట చాలా ఏళ్ళు సాగింది.

మొదటి క్రైస్తవ రాక్ బ్యాండ్ ఇదేనా?

కాదు. అమెరికా గాయకుడు ల్యారీ నార్మన్ మొదటి సోలో ఆల్బమ్ 1969లోనే వచ్చింది, దాని పేరులోనూ అదే "ఈ బండమీద" అన్న మాటే ఉండటం తమాషా. ఇంగ్లండులో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ జాయ్‌స్ట్రింగ్స్ బృందం 1964లోనే గిటార్లు పట్టుకుని పాడింది. కాలిఫోర్నియాలో లవ్ సాంగ్ అనే బృందం ఉంది, అది రాక్ కంటే మెత్తగా ఉంటుంది. మిల్వాకీలో మొదలై షికాగోలో స్థిరపడ్డ రిసరెక్షన్ బ్యాండ్‌ది కూడా పెట్రా పుట్టిన ఏడే. ఎవరు మొదటివాళ్ళు అని వాదించుకునేకంటే, మొదటి తరంలో ఎక్కువ కాలం నిలబడింది ఎవరు అని అడిగితే పెట్రా పేరు పైకి వస్తుంది.

జీసస్ ఉద్యమం అంటారు, అది ఏంటి? దీనికీ బ్యాండ్‌కీ ఏం సంబంధం?

1960ల చివర్లో అమెరికాలో హిప్పీ కుర్రాళ్ళు చాలామంది క్రైస్తవంలోకి వచ్చారు. జుట్టు కత్తిరించుకోలేదు, గిటారు పక్కన పెట్టలేదు. మామూలు చర్చిల్లో వాళ్ళని చూసి మొహం చిట్లించేవారు కనక కాఫీ హౌస్‌ల్లో చేరేవారు, పాడుకునేవారు, ప్రార్థన చేసుకునేవారు. ఫోర్ట్ వేన్‌లో అలాంటిదే ఆడమ్స్ యాపిల్ అనే చోటు. పెట్రా తొలి రోజుల్లో వాయించిన చోట్లలో అదొకటి. అంటే ఈ బ్యాండ్ స్టేడియంలో పుట్టలేదు, టీ కొట్టులాంటి చోట పుట్టింది అనుకోండి.

మొదటి ఆల్బమ్ విన్నాను, ఇది పెట్రాయేనా అని అనుమానం వచ్చింది. ఎందుకలా?

అనుమానం రావడం మామూలే. 1974లో మిర్ అనే కంపెనీ తెచ్చిన ఆ ఆల్బమ్‌లో అమెరికా దక్షిణాది రాక్, అక్కడి పల్లెపాట, బ్లూస్ అన్నీ కలగలిసి ఉంటాయి, గిటార్లు రెండూ ఒకదాని వెంట ఒకటి పరిగెడతాయి, గొంతులు మాత్రం పక్కింటి అన్నయ్యలు పాడుతున్నట్టుంటాయి. 1980ల పెట్రా విని దీనికొస్తే వేరే బ్యాండ్ అనిపిస్తుంది. వాళ్ళని ఒప్పందంలోకి తీసుకున్నది బిల్లీ రే హెర్న్, ఆ కంపెనీని మొదలుపెట్టినాయనే. ఇలాంటి సంగీతం ఏ దుకాణంలో ఏ అరలో పెట్టాలో కూడా తెలియని రోజులవి. క్రైస్తవ పుస్తకాల షాపుకి వెళితే గిటారు మోత ఎక్కువైందనేవారు, మామూలు రికార్డుల షాపుకి వెళితే యేసు పేరు ఎక్కువైందనేవారు.

"గాడ్ గేవ్ రాక్ అండ్ రోల్ టు యు" కిస్ బ్యాండ్ వాళ్ళ పాట కదా, పెట్రా కాపీ కొట్టిందా?

ఇద్దరిదీ కాదు. రస్ బాలార్డ్ రాసిన పాట, 1973లో ఆర్జెంట్ అనే ఇంగ్లీషు బృందం పాడింది. పెట్రా 1977లో రెండో ఆల్బమ్ "కమ్ అండ్ జాయిన్ అస్"లో తమ పద్ధతిలో పాడుకుంది, 1980ల మధ్యలో ఇంకోసారి రికార్డు చేసింది. కిస్ వాళ్ళు మార్చి పాడింది 1991లో. కాబట్టి వరసలో పెట్రా ముందు, కిస్ తర్వాత. ఈ సంగతి చెబితే కిస్ అభిమానులకి కోపమొస్తుంది, చూసి చెప్పండి.

## వోల్జ్ కాలం

గ్రెగ్ ఎక్స్ వోల్జ్ ఎలా వచ్చాడు?

ముందు అతిథిగా వచ్చాడు. 1977 ఆల్బమ్‌కి బయటి గొంతులు తెచ్చుకున్నప్పుడు వాటిలో ఒకటి వోల్జ్‌ది, అప్పటికే "ఇ" అనే ఒంటి అక్షరం పేరున్న బ్యాండ్‌లో పాడినవాడు. పెట్రా పాటకి ఆ గొంతు తగిలాక ఇక వెనక్కి వెళ్ళడం కుదరలేదు, 1979 నాటికి పూర్తి సభ్యుడయ్యాడు. ఆర్ఈఓ స్పీడ్‌వాగన్ లాంటి పెద్ద బ్యాండ్ నుంచి వచ్చిన అవకాశం వదులుకుని ఇటొచ్చాడని అభిమానులు గొప్పగా చెప్పుకుంటారు. ఎత్తులో పాడినా మాట నలగదు, హార్ట్‌మన్ రాసిన వాక్యాలు జనానికి స్పష్టంగా వినపడింది అప్పటి నుంచే.

1979 ఆల్బమ్ మీద సభ్యుల్లో డ్రమ్మర్ పేరు కనపడదు. అచ్చుతప్పా?

అచ్చుతప్పు కాదు, డ్రమ్మరే లేడు. మొదటి నలుగురిలో ముగ్గురు అప్పటికే వెళ్ళిపోయారు. "వాషెస్ వైటర్ దాన్" నాటికి మిగిలింది హార్ట్‌మన్, వోల్జ్, కీబోర్డ్‌కి రాబ్ ఫ్రేజియర్. మిగతా వాయిద్యాలకి స్టూడియో వాళ్ళని పిలిపించుకున్నారు. బ్యాండ్ అని పేరే గానీ నిజానికి ముగ్గురు మనుషులు, ఒక పేరు, కొన్ని పాటలు.

మూతపడబోయిన బ్యాండ్ మళ్ళీ ఎలా లేచింది?

ఒక మెత్తని పాటతో. 1981లో వచ్చిన "నెవర్ సే డై" ఆల్బమ్‌లో "ది కలరింగ్ సాంగ్" అనే నెమ్మదైన పాట ఉంది. రాక్ వేయని క్రైస్తవ రేడియోలు కూడా దాన్ని వేశాయి. దాన్ని విని ఆల్బమ్ కొన్నవాళ్ళకి లోపల గిటార్ల మోత వినిపించింది, కొందరు తిట్టుకుని ఉంటారు, చాలామంది ఉండిపోయారు. ఆ రోజుల్లోనే సర్వెంట్ అనే మరో జీసస్ ఉద్యమ బ్యాండ్ వాళ్ళ టూర్‌లో ముందు వాయించే అవకాశం దొరికింది. సర్వెంట్ వాళ్ళ ప్రదర్శన అంటే లైట్లు, పొగ, హంగామా. వేదిక అంటే నలుగురు నిలబడి వాయించడమే కాదని పెట్రా దగ్గరుండి చూసింది. ఆ టూర్‌లో పాటల కంటే ఇది ఎక్కువ నేర్చుకుని ఉంటారని నా అనుమానం.

క్లాసిక్ లైనప్ అంటే ఏ అయిదుగురు?

ఎవర్ని అడిగారన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. హార్ట్‌మన్ గిటార్, వోల్జ్ గాత్రం, మార్క్ కెల్లీ బేస్, లూయీ వీవర్ డ్రమ్స్ అనే నలుగురి దగ్గర తగాదా లేదు. కీబోర్డ్ దగ్గరే వస్తుంది. "మోర్ పవర్ టు యా" (1982), "నాట్ ఆఫ్ దిస్ వరల్డ్" (1983) నాటికి జాన్ స్లిక్, ఆ తర్వాత జాన్ లారీ. పాతవాళ్ళు స్లిక్ అంటారు. వేదిక మీద చూసినవాళ్ళు లారీ అంటారు, ఎందుకంటే కీబోర్డ్‌ని గిటార్‌లా మెడకి తగిలించుకుని తిరిగే మనిషిని ఎవరు మర్చిపోతారు.

లూయీ వీవర్ మొదటి డ్రమ్మర్ కదా?

కాదు. మొదటి డ్రమ్మర్ బిల్ గ్లోవర్. వీవర్ 1980ల మొదట్లో వచ్చాడు, 2003 దాకా ఉన్నాడు, అంటే ఇరవై ఏళ్ళ పైన. గాయకులు మారినా కీబోర్డ్ మారినా వెనక అదే మనిషి కూర్చుని ఉండేసరికి మొదటి నుంచీ ఉన్నాడనిపించింది జనానికి.

పాట వెనక్కి తిప్పితే దెయ్యం మాటలు వినిపిస్తాయట, నిజమా?

వెనక్కి తిప్పితే మాటలు వినిపించడం నిజం. దెయ్యం మాటలు అన్నది అబద్ధం. 1980ల మొదట్లో అమెరికాలో రాక్ రికార్డుల్లో సాతాను సందేశాలు తిరగేసి దాచారని పెద్ద భయం లేచింది, కొన్నిచోట్ల రికార్డులు తగలబెట్టారు కూడా. "మోర్ పవర్ టు యా"లో "జూడాస్ కిస్" పాట ముందు పెట్రా కావాలనే ఒక వాక్యం తిరగేసి పెట్టింది. దాన్ని సరిగ్గా వింటే అర్థం ఇదీ: ప్రభువుని వెతకాల్సింది పోయి దెయ్యాన్ని ఎందుకు వెతుకుతున్నావు? రికార్డు చేత్తో వెనక్కి తిప్పి, సూది పాడుచేసుకుని, చెవి ఆనించి వింటున్నవాడికి ఈ మాట తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. హార్ట్‌మన్ బృందంలో నాకు అన్నిటికంటే నచ్చిన చిలిపి పని ఇది.

"కిల్లింగ్ మై ఓల్డ్ మ్యాన్" అని పాట పేరు పెట్టారు. నాన్నని చంపడం గురించా?

అయ్యో, కాదు. రోమా పత్రిక 6వ అధ్యాయంలో మన తెలుగు బైబిల్ "ప్రాచీన స్వభావము" అంటుందే, ఇంగ్లీషులో దాన్ని ఓల్డ్ మ్యాన్ అంటారు. మారుమనస్సుకి ముందున్న మనిషిని సిలువ వేయడం అన్న మాట. వాడుక ఇంగ్లీషులో ఓల్డ్ మ్యాన్ అంటే నాన్న అని కూడా అర్థం కాబట్టి పేరు విని బెంబేలెత్తినవాళ్ళున్నారు. మన అనువాదం చదివినవాళ్ళకి ఈ టెన్షన్ లేదు. పాట "నెవర్ సే డై"లో ఉంది.

## ష్లిట్ కాలం

వోల్జ్ ఎందుకు వెళ్ళిపోయాడు? గొడవపడ్డారా?

సొంతంగా పాడుకోవాలని వెళ్ళాడు, 1986లో "ది రివర్ ఈజ్ రైజింగ్" అని సోలో ఆల్బమ్ కూడా తెచ్చాడు. తర్వాత 2010లో అదే హార్ట్‌మన్‌తో మళ్ళీ వేదికెక్కాడు కూడా. మిగతా ఊహాగానాలు ఎవరి ఇష్టం వాళ్ళవి, నేను రాయను.

జాన్ ష్లిట్ పెట్రాకి ముందు ఏం చేసేవాడు?

ఇది వింటే సినిమా కథలా ఉంటుంది. 1970ల్లో హెడ్ ఈస్ట్ అనే రాక్ బ్యాండ్‌లో గాయకుడు. క్రైస్తవ బ్యాండ్ కాదది. మత్తుకి అలవాటుపడి, 1980లో ఆ బ్యాండ్ నుంచి పంపించేస్తే ఇంట్లో పడ్డాడు. భార్య అప్పటికే విశ్వాసంలోకి వచ్చింది, ఆమె పట్టుబట్టి పాస్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళింది, అక్కడ మనిషి మారాడు. మారాక పాటే వదిలేసి, చదువుకున్న ఇంజినీరింగ్ పట్టుకుని గనుల కంపెనీలో ఉద్యోగం చేసుకున్నాడు. మైకు ముందు నిలబడటం మానేసి ఏళ్ళు గడిచాక హార్ట్‌మన్ నుంచి పిలుపొచ్చింది. 1986లో "బ్యాక్ టు ది స్ట్రీట్"తో మొదలుపెట్టి 2005 చివరి కచేరీ దాకా అతనే పాడాడు.

వోల్జా ష్లిట్టా? ఎవరు గొప్ప?

ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే నేను తప్పించుకోను. పాట అర్థం కావాలంటే వోల్జ్, పాట తగలాలంటే ష్లిట్. వోల్జ్ గొంతు తేటగా ఉంటుంది, ష్లిట్ గొంతులో గరుకు ఉంటుంది, బతుకులో దెబ్బ తిన్నవాడి గరుకు. నా ఓటు ష్లిట్‌కి. కానీ ఒక్కటి గమనించండి, ఇద్దరు పాడినవీ చాలావరకు ఒకే మనిషి రాసిన పాటలు. గాయకుడి పేరు మీద జట్లు కట్టి పోట్లాడుకునే మనం ఆ రాసినవాణ్ణి మర్చిపోతాం.

ష్లిట్ వచ్చాక ఇంకెవరు మారారు?

1988 ప్రాంతంలో మార్క్ కెల్లీ వెళ్ళి రానీ కేట్స్ బేస్‌కి వచ్చాడు. హార్ట్‌మన్, ష్లిట్, లారీ, కేట్స్, వీవర్: ఈ అయిదుగురు కలిసి వాయించిన కాలం బ్యాండ్‌కి బాగా కలిసొచ్చింది. "ఆన్ ఫైర్", ఆరాధన పాటల "పెట్రా ప్రెయిజ్" (1989), "బియాండ్ బిలీఫ్" (1990), "అన్‌సీన్ పవర్" (1991), "వేక్ అప్ కాల్" (1993) అన్నీ ఈ చేతుల్లోంచి వచ్చినవే. లారీ 1990ల మధ్యలో వెళ్ళాక జిమ్ కూపర్ కీబోర్డ్‌కి వచ్చాడు.

గ్రామీలు ఎన్ని వచ్చాయి?

నాలుగు. "బియాండ్ బిలీఫ్", "అన్‌సీన్ పవర్", "వేక్ అప్ కాల్", పాత పాటల్ని మెత్తగా మళ్ళీ పాడుకున్న "డబుల్ టేక్" ఆల్బమ్‌లకి. అదీ కాక గాస్పెల్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2000లో చోటు దక్కింది, అక్కడికి చేరిన మొదటి రాక్ బ్యాండ్ ఇదే.

హార్ట్‌మన్ 1995లో బ్యాండ్ వదిలేశాడు అంటారు, మరి ఆల్బమ్‌ల మీద పేరు ఎందుకుంది?

వదిలేసింది ప్రయాణాన్ని, బ్యాండ్‌ని కాదు. ఊరూరా తిరగడం ఆపాడు కానీ పాటల పని ఆపలేదు. వేదిక మీద అతని జాగాలో వేరే గిటారిస్టులు నిలబడ్డారు, డేవిడ్ లైకెన్స్, తర్వాత పీట్ ఓర్టా లాంటివాళ్ళు. కొన్నేళ్ళకి మళ్ళీ గిటార్ భుజాన వేసుకుని వచ్చేశాడు. ఇంట్లో కూర్చుని రాసేవాణ్ణి సభ్యుడంటారా అని అడుగుతారు. వాయిద్యాలు మోసే ట్రక్కుకి డ్రైవర్ ముఖ్యమే, కానీ ట్రక్కులో వేయడానికి సరుకు లేకపోతే ఎక్కడికి వెళుతుంది?

## వేదిక వెనుక

క్రూ అంటే ఎవరెవరు? వాళ్ళేం చేస్తారు?

జనం వైపు కూర్చుని మనం వినే శబ్దాన్ని కలిపేవాడు ఒకడు. వేదిక పక్కన నిలబడి, వాయించేవాళ్ళకి వాళ్ళ శబ్దం వాళ్ళకి వినపడేట్టు మానిటర్లు చూసేవాడు ఇంకొకడు. లైట్ల మనిషి, గిటార్ తీగలు మార్చి శ్రుతి చేసి అందించేవాడు, డ్రమ్స్ బిగించేవాడు, పెట్టెలు దింపి ఎక్కించేవాళ్ళు, బస్సు నడిపేవాడు, హోటలు, భోజనం, డబ్బు లెక్క చూసే మేనేజర్. కచేరీ రెండు గంటలైతే వీళ్ళ రోజు పొద్దున్నే మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది. అందరూ ఇంటికెళ్ళాక తీగలు చుట్టేవాళ్ళు వీళ్ళే.

నేను ఒక క్రిస్మస్ ప్రోగ్రామ్‌లో మిక్సర్ చూస్తూ, పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టగానే ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) దించడం మర్చిపోయాను. మైకు పెట్టిన కూతకి ముందు వరసలో పిల్లలు ఏడ్చేశారు. ఆ రోజంతా బాగా చేసింది ఎవరికీ గుర్తు లేదు, ఆ మూడు సెకన్లే గుర్తు. క్రూ బతుకు అంతే, తప్పు చేస్తేనే కనపడతారు.

ఆల్బమ్ మీద "ప్రొడ్యూసర్" అని ఉంటుంది. డబ్బు పెట్టినవాడా?

సినిమా అలవాటుతో వచ్చే పొరపాటు ఇది. మన దగ్గర నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు. రికార్డుల లోకంలో ప్రొడ్యూసర్ అంటే ఆ శబ్దం ఎలా ఉండాలో తేల్చేవాడు: ఏ పాట ఉంచాలి, గొంతు ఎన్నోసారి పాడింది బాగుంది, గిటార్ ఎంత ముందుకి రావాలి, ఇవన్నీ. మన లెక్కలో దర్శకుడికి దగ్గర. పెట్రాలో దీన్ని చెవితో పట్టుకోవచ్చు. 1981 నుంచి "బీట్ ది సిస్టమ్" దాకా జొనాథన్ డేవిడ్ బ్రౌన్ చేసిన ఆల్బమ్‌లు ఒక రంగు, చివరిదానికి వచ్చేసరికి సింథసైజర్లు ముంచెత్తాయి. ఆ తర్వాత వచ్చిన "బ్యాక్ టు ది స్ట్రీట్" నుంచి ఎలిఫాంటే అన్నదమ్ములు, జాన్, డీనో, పట్టుకున్నారు. శబ్దం బరువెక్కింది, కోరస్‌లు పెద్దవయ్యాయి. ఈ జాన్ ఎలిఫాంటే ఒకప్పుడు కాన్సాస్ బ్యాండ్‌లో గాయకుడు, అందుకే వెనక గొంతుల అమరిక అంత నిండుగా ఉంటుందని నా లెక్క. "వేక్ అప్ కాల్"కి బ్రౌన్ బానిస్టర్ వచ్చాడు, మళ్ళీ గాలి మారింది.

మొత్తం సభ్యులు ఎంతమంది? ఒక్కోచోట ఒక్కో అంకె ఉంది

ఎవర్ని సభ్యుడిగా లెక్కపెడతారన్న దాని మీద అంకె మారిపోతుంది. స్టూడియోలో వాయించి అట్ట మీద ఫొటో లేనివాళ్ళు, టూర్‌లో వాయించి ఆల్బమ్‌లో లేనివాళ్ళు, అతిథిగా పాడి తర్వాత సభ్యులైనవాళ్ళు, రాస్తూ తిరగనివాళ్ళు... 2003లో "జెకిల్ అండ్ హైడ్"నే తీసుకోండి, ప్రొడ్యూసర్ పీటర్ ఫర్లర్, న్యూస్‌బాయ్స్ అనే మరో బ్యాండ్ మనిషి, డ్రమ్స్ కూడా తనే వాయించేశాడు. అతను పెట్రా సభ్యుడా? కాదు. ఆ ఆల్బమ్‌లో పెట్రా డ్రమ్స్ ఎవరివి? అతనివే. అంకె అడిగేవాళ్ళకి నేను "చాలామంది" అనే చెబుతాను.

## విడిపోవడం, మళ్ళీ కలవడం

చివరి కచేరీ ఎప్పుడు, ఎక్కడ?

2005 డిసెంబరు 31 రాత్రి, నార్త్ కరోలినా రాష్ట్రంలో మర్ఫీ అనే చిన్న ఊళ్ళో. పన్నెండు దాటి కొత్త సంవత్సరంలోకి వెళ్ళింది. మన చర్చిల్లో కొత్త సంవత్సరం రాత్రి ఆరాధన ఎలా జరుగుతుందో తెలిసినవాళ్ళకి ఆ ముహూర్తం ఎంత బాగా కుదిరిందో చెప్పక్కర్లేదు. "ఫేర్‌వెల్" పేరుతో దొరికే వీడియో మాత్రం ఆ రాత్రిది కాదు, అదే ఏడు అక్టోబరులో టెనసీలోని ఫ్రాంక్లిన్‌లో తీసింది.

క్లాసిక్ పెట్రా అని ఇంకోటి ఉంది, అది వేరే బ్యాండా?

వేరే కాదు, పాతదే. 2010లో హార్ట్‌మన్, వోల్జ్, కెల్లీ, లారీ, వీవర్ కలిసి ఆ పేరుతో తిరిగి వచ్చారు, "బ్యాక్ టు ది రాక్" అని పాత పాటలు కొత్తగా రికార్డు చేశారు. ష్లిట్ కాలం పెట్రా కాదు, వోల్జ్ కాలం పెట్రా అని జనానికి అర్థం కావడానికే ముందు ఆ "క్లాసిక్" తగిలించారు.

ఇప్పుడు ఉన్నారా?

2005లో శాశ్వతంగా సెలవు అన్న మాట మీద గట్టిగా నిలబడలేదు, అందుకు నాకేం బాధ లేదు. బ్యాండ్ పుట్టి యాభై ఏళ్ళైన సందర్భంగా హార్ట్‌మన్, ష్లిట్ మళ్ళీ కలిసి కచేరీలు చేశారు.

## మన దగ్గర వచ్చే ప్రశ్నలు

చర్చిలో రాక్ తప్పు కదా? అమెరికాలో ఎవరూ ఏమీ అనలేదా?

అనకపోవడమా! టీవీ ప్రసంగీకుడు జిమ్మీ స్వాగర్ట్ లాంటివాళ్ళు క్రైస్తవ రాక్‌ని ఏకంగా తోడేలు అన్నారు, గొర్రె తోలు కప్పుకున్న తోడేలు. పెట్రా వాళ్ళు దీనికి వాదనతో కాక పాటలతో, కాస్త వెటకారంతో జవాబిచ్చారు, తోటి విశ్వాసుల్లోనే తప్పులు వెతికేవాళ్ళ మీద "విచ్ హంట్" అని పాట కట్టారు. మన దగ్గరా ఇది కొత్త కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు యేసు మీద కీర్తనలు కట్టినప్పుడు ఆ బాణీలు ఎక్కడివి? ఊళ్ళో జనం నోట్లో ఉన్నవే. ఇప్పుడు అవే "సంప్రదాయం" అయి కూర్చున్నాయి. నా అభిప్రాయం అడిగితే తప్పు వాయిద్యంలో ఉండదు, వాల్యూమ్‌లో మాత్రం అప్పుడప్పుడు ఉంటుంది.

మొదట ఏ ఆల్బమ్ వినాలి?

"బియాండ్ బిలీఫ్"తో మొదలుపెట్టండి, నచ్చితే "మోర్ పవర్ టు యా"కి వెనక్కి వెళ్ళండి. ఆరాధన పాటలు ఇష్టమైతే "పెట్రా ప్రెయిజ్", దాని స్పానిష్ రూపం 1992లో "ఎన్ అలబాన్సా"గా వచ్చింది, మాట తెలియకపోయినా వినబుద్ధేస్తుంది. 1974 ఆల్బమ్ చివరికి ఉంచుకోండి. "బీట్ ది సిస్టమ్" సింథసైజర్లంటే పడనివాళ్ళు దాటేయొచ్చు, నేను మాత్రం రహస్యంగా వింటుంటాను.

మా యూత్ టీమ్ ఒక పాట నేర్చుకోవాలనుకుంటోంది. ఏది?

ష్లిట్ కాలం పాటల జోలికి వెళ్ళకండి, ఆ ఎత్తుకి మీ గాయకుడి గొంతు రెండో చరణానికే తెగుతుంది, నేను కళ్ళారా చూశాను. "ది కలరింగ్ సాంగ్" తీసుకోండి. ఒక గిటార్, రెండు మూడు గొంతులు ఉంటే చాలు, రిథమ్ ప్యాడ్స్ అక్కర్లేదు. శ్రుతి మీ వాళ్ళకి అందేట్టు దించుకోండి, తప్పేం లేదు. మిక్సర్ దగ్గర కూర్చునే తమ్ముణ్ణి మాత్రం రిహార్సల్ మొదటి రోజు నుంచే పిలవండి, ప్రోగ్రామ్ రోజు సాయంత్రం కాదు.